ఐదు నిమిషాలు మాయమయ్యే సర్వరు: చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో ఒక కేస్ స్టడీ

తోతాపురి మామిడికాయ దిగే జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరి నిలబడతాయి. కోసిన కాయ ఎండలో నిలిచేకొద్దీ బరువు తగ్గుతుంది, మెత్తబడుతుంది. కాబట్టి ఆ వరుసలో ఉన్న రైతుకు ప్రతి నిమిషమూ లెక్కే. అలాంటి ఒక ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి (బండ్లు తూచే కాటా) దగ్గర తూకం రసీదులు ఉన్నట్టుండి ఆగిపోయి, కొద్ది నిమిషాల తర్వాత ఎవరూ ఏమీ చేయకుండానే మళ్ళీ రావడం మొదలయ్యేవి. తిరుపతిలో ఉంటూ ఈ ప్రాంతపు చిన్న పరిశ్రమలకు, లాడ్జీలకు నెట్‌వర్క్ పనులు చూసే నాకు దీని మూలం దొరకడానికి పదకొండు రోజులు పట్టింది. అందులో తొమ్మిది రోజులు నేను వెతికింది తప్పు చోట.

ముందుగా అక్కడి ఏర్పాటు చెప్పాలి. ఫ్యాక్టరీలో రెండు భౌతిక సర్వర్లు, అంటే హోస్టులు, ఉన్నాయి. ఒకటి పాత ఆఫీసు భవనంలోని సర్వర్ గదిలో, రెండవది కొత్తగా కట్టిన కోల్డ్ రూము భవనంలో ఉంది. రెండింటి మీదా లినక్స్ కేవీఎం పద్ధతిలో వర్చువల్ మెషీన్లు, అంటే ఒకే యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన విడి కంప్యూటర్లు, నడుస్తాయి. టోకెన్లు, తూకాలు, రైతుల ఖాతాలు ఉన్న అసలు అప్లికేషన్ మొదటి సర్వరు మీద ఒక ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) వర్చువల్ మెషీన్‌లో ఉంది. ఇకపై దాన్నే సర్వరు అంటాను. ఒకే నెట్‌వర్క్‌ను విడదీసిన భాగాలను వీలాన్‌లు అంటారు. సర్వర్లన్నీ వీలాన్ 10లో, గేటు దగ్గరి రెండు వేబ్రిడ్జిల కంప్యూటర్లు వీలాన్ 20లో ఉంటాయి. రెండు వీలాన్‌ల మధ్య రాకపోకలు చూసేది ఆఫీసు భవనంలోని లేయర్ 3 స్విచ్. మొదటి హోస్టు దాని మూడో పోర్టుకు, కొత్త భవనానికి వెళ్ళే ఫైబరు ఇరవై నాలుగో పోర్టుకు తగిలించి ఉన్నాయి. ఈ రెండు పోర్టు నంబర్లను పాఠకులు గుర్తుంచుకోవాలి.

సమస్య మొదలైంది సీజను మొదటి వారంలో. కాటా మీదికి ట్రాక్టరు వస్తుంది, క్లర్కు బరువు నమోదు చేస్తాడు, సర్వరు దొరకలేదని తెర మీద సందేశం వస్తుంది. వెంటనే ఎవరో సర్వర్ గదికి పరుగెత్తి, కన్సోల్ నుంచి గేట్‌వేకి (బయటి నెట్‌వర్క్‌కు దారి చూపే ఆ లేయర్ 3 స్విచ్‌కు) పింగ్ చేస్తారు, అంటే జవాబు వస్తుందో లేదో చూసే చిన్న సందేశం పంపుతారు. జవాబు చక్కగా వస్తుంది. వేబ్రిడ్జికి ఫోన్ చేస్తే అక్కడ కూడా పని మొదలైందంటారు. సర్వరు బాగానే ఉంది, తేడా వేబ్రిడ్జి వైపే ఉందని ఫ్యాక్టరీ వాళ్ళు నిర్ణయించుకోవడం ఆ పరిస్థితుల్లో సహజమే. నన్ను పిలిచేలోపే గేటు దాకా కేబులు మార్చారు, మీడియా కన్వర్టరు మార్చారు. ఒకసారి సర్వరును రీస్టార్ట్ చేశారు. చేయగానే బాగైంది కనుక అదే మందు అనుకుని ఆ తర్వాత రోజుకు మూడు సార్లు చేయసాగారు.

నేను వెళ్ళిన రోజు మొదట చూడవలసినవన్నీ క్రమంగానే చూశాను. సర్వరులోను, హోస్టులోను కెర్నెల్ లాగ్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకునే చిట్టాలో) లింకు తెగినట్టు ఒక్క వాక్యం లేదు. ఇంటర్‌ఫేసులో ఎర్రర్లు, డ్రాపులు సున్నా. ఫైర్‌వాల్ కనెక్షన్ల పట్టిక నిండిపోతే లినక్స్ కొత్త ప్యాకెట్లను (నెట్‌వర్క్‌లో వెళ్ళే డేటా ముక్కలను) పారేస్తుంది, పట్టిక నిండిందని లాగ్‌లో రాస్తుంది; ఆ వాక్యమూ లేదు, పట్టికలో ఉన్నవి కొన్ని వందల కనెక్షన్లే. ప్రాసెసరు, మెమరీ, డిస్కు అన్నీ ఖాళీగానే ఉన్నాయి. ఒకే ఐపీ అడ్రసును (నెట్‌వర్క్‌లో యంత్రానికి మనం ఇచ్చే చిరునామాను) రెండు యంత్రాలు వాడుతున్నాయేమోనన్నది ఇలాంటి చోట్ల నా మొదటి అనుమానం, ఎందుకంటే హాజరు యంత్రాలు, కెమెరా రికార్డర్లు, ప్రింటర్లు పెట్టే మనుషులు ఎవరి ఇష్టం వచ్చిన అడ్రసు వాళ్ళు ఇచ్చి వెళ్ళిపోతుంటారు. ల్యాప్‌టాప్‌ను సర్వర్ గదిలోని స్విచ్‌కు తగిలించి, ఏఆర్‌పింగ్ అనే పనిముట్టు ద్వారా సర్వరు ఐపీ ఎవరిదని అడిగాను. ఒకే మ్యాక్ అడ్రసు (నెట్‌వర్క్ కార్డుకు ఉండే గుర్తింపు సంఖ్య) నుంచి జవాబు వచ్చింది. పదిసార్లు అడిగినా అదే. ఐపీ గొడవ కాదని కొట్టివేశాను. ఆ పరీక్ష సరైనదే. దాన్నుంచి నేను తీసిన అర్థం మాత్రం అవసరమైనదానికంటే పెద్దది.

తర్వాత విద్యుత్తు మీద పడ్డాను. ఫిర్యాదులు ఎక్కువగా మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో, మళ్ళీ తెల్లవారుజామున వస్తున్నాయి. మధ్యాహ్నం వేళ కరెంటు పోయి జనరేటరు వేయడం అక్కడ మామూలు. స్విచ్‌కు వెళ్ళే యూపీఎస్ పాతది. కారణం దొరికినట్టే అనిపించి బ్యాటరీలు మార్పించాను, ఎర్తింగ్ చూపించాను. ఆ ఖర్చు నా సలహా మీద జరిగిందే. సమస్య యథాతథంగా ఉంది.

ఇక్కడ ఒక విషయం నాకు అప్పుడే తట్టి ఉండాలి. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా, ట్రాక్టర్ల వరుస రోడ్డు మీదికి వచ్చే వేళ, రెండు కాటాలూ ఆగకుండా తూస్తుంటే ఒక్క ఫిర్యాదు కూడా లేదు. భారం పెరిగి సర్వరు చతికిలపడితే అది ఆ వేళే జరగాలి. ఇక్కడ అంతా తలకిందులుగా ఉంది. పని తగ్గి, రెండు బండ్ల మధ్య పది నిమిషాల ఖాళీ వచ్చినప్పుడే ఆగుతోంది. ఆ వైపరీత్యాన్ని చూసి కూడా, జనరేటరు వేళతో కలిసింది కదా అని సర్దుకున్నాను.

ఆ తర్వాతి మూడు రోజులు ఇంకా చిత్రంగా గడిచాయి. సర్వర్ గదిలో ల్యాప్‌టాప్ పెట్టి సర్వరుకు సెకనుకొక పింగ్ పంపుతూ లాగ్ రాయించాను. అక్కడక్కడా అర నిమిషం, ముప్పావు నిమిషం ఖాళీలు తప్ప ఏమీ కనిపించలేదు. వేబ్రిడ్జి దగ్గర కూడా ఆ మూడు రోజులు చెప్పుకోదగ్గ ఇబ్బంది రాలేదు. బాగైందని ల్యాప్‌టాప్ సర్దుకుని తిరుపతి బస్సెక్కాను. చంద్రగిరి దాటకముందే ఫోను వచ్చింది. రాత్రి డ్యూటీ క్లర్కు మాట యథాతథంగా రాస్తున్నాను: “మీరు వైరు పెట్టుకోని కూర్చుంటే రాదు సార్, మీరు పోతేనే వస్తాది.” ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కానీ ఆ పదకొండు రోజుల్లో ఎవరూ చెప్పనంత కచ్చితమైన పరిశీలన అది. నా ల్యాప్‌టాప్ సమస్యను గమనించడం లేదు, నయం చేస్తోంది. సర్వర్ గదిలో కన్సోల్ ముందు కూర్చుని ఎవరు పింగ్ చేసినా నయమవుతోంది. అంటే సర్వరు తానుగా ఒక్క ప్యాకెట్టు బయటికి పంపితే చాలు, బాగవుతోంది. సర్వరు బయటికి మాట్లాడడం వల్ల మారేది ఏమిటి?

పదో రోజు ల్యాప్‌టాప్‌ను సర్వర్ గదిలో కాకుండా గేటు దగ్గర, వేబ్రిడ్జి కంప్యూటరు పక్కన, వీలాన్ 20లో పెట్టాను. ఆ రాత్రి యంత్రాలు కడగడం కోసం తొమ్మిది గంటల నుంచి కాయ దింపుకోవడం ఆపారు కనుక సర్వరుకు నా పింగ్ తప్ప వేరే పని లేదు. ఉదయం ఆరు గంటలకు లాగ్ తీసి, పింగ్ ఆగిన వేళలూ మళ్ళీ మొదలైన వేళలూ ఒక కాగితం మీద రాసుకున్నాను. రాత్రి మొదటి గంటన్నర కొంత గందరగోళంగా ఉంది. పదిన్నర తర్వాత మాత్రం లెక్క గడియారంలా కుదిరింది. ఒక అంతరాయం మొదలైనప్పటి నుంచి తర్వాతది మొదలయ్యే దాకా 34 నిమిషాల 8 సెకన్లు, ఒకటి అరా సెకను అటూ ఇటూ. ప్రతి అంతరాయం నిడివి దాదాపు 305 సెకన్లు. ఆరు గంటల లోపు 13 సార్లు రావలసింది 12 సార్లు వచ్చింది. రానిది రాత్రి రెండు గంటల వేళది; ఆ సమయంలో సర్వరు తన బ్యాకప్‌ను వేరే నిల్వ పరికరానికి పంపుతూ ఉంటుంది.

పాడైన కేబులు, వదులైన కనెక్టరు, దెబ్బతిన్న బ్యాటరీ ఇలా సెకన్ల లెక్కన పాడవ్వవు. ఇంత క్రమం ఉందంటే ఎక్కడో ఎవరో డీఫాల్టుగా పెట్టిన టైమర్లు పనిచేస్తున్నాయన్నమాట. ఈథర్నెట్ స్విచ్‌లతో పనిచేసేవారికి 300 సెకన్లు కొత్త సంఖ్య కాదు. ఏ మ్యాక్ అడ్రసు ఏ పోర్టు వెనక ఉందో స్విచ్ రాసుకునే పట్టికలో, ఆ మ్యాక్ నుంచి కొత్త ఫ్రేము (ప్యాకెట్టును మోసే ఈథర్నెట్ సందేశం) రాకపోతే ఆ వరుసను తుడిచివేసే గడువు అది. ఇలాంటి స్విచ్‌ల పనితీరుకు రాసిన 802.1డీ ప్రమాణం సిఫారసు చేసిన విలువ అదే. వర్చువల్ మెషీన్లను నెట్‌వర్క్‌తో కలిపే లినక్స్ బ్రిడ్జిలో కూడా డీఫాల్టు అంతే.

ఇక్కడ స్విచ్ పనితీరును కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మిగిలిందంతా దీని మీదే ఆధారపడి ఉంది. స్విచ్ ఎవరినీ అడిగి నేర్చుకోదు. ఒక ఫ్రేము ఏ పోర్టు గుండా లోపలికి వస్తే, ఆ ఫ్రేము పంపినవారి మ్యాక్ ఆ పోర్టు వెనకే ఉందని రాసుకుంటుంది. అదే మ్యాక్ మరుక్షణం ఇంకో పోర్టు నుంచి కనిపిస్తే, పాతది కొట్టేసి కొత్తది రాసుకుంటుంది. ఏది నిజమన్న విచారణ ఉండదు. చివరగా మాట్లాడినవాడిదే మాట. పట్టికలో లేని మ్యాక్‌కు ఫ్రేము వస్తే దాన్ని అది వచ్చిన పోర్టుకు తప్ప ఆ వీలాన్‌లోని అన్ని పోర్టులకూ పంపేస్తుంది. కాబట్టి మా సర్వరు మ్యాక్‌ను స్విచ్ కాసేపు ఇంకెక్కడో ఉన్నట్టు రాసుకుని, 300 సెకన్ల తర్వాత ఆ తప్పు వరుస తుడిచిపోయి, తర్వాతి పింగ్ అన్ని పోర్టులకూ వెళ్ళి సర్వరును చేరితే, నా కాగితం మీది లెక్క సరిపోతుంది. సర్వరు జవాబు పంపగానే స్విచ్ మళ్ళీ మూడో పోర్టు అని సరిగ్గా రాసుకుంటుంది.

ఉదయం ఏడు గంటలకు, తర్వాతి అంతరాయం వచ్చే నిమిషాన్ని ముందే లెక్కగట్టుకుని, స్విచ్ కన్సోల్ తెరిచి కూర్చున్నాను. సర్వరును ఎవరూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను. పింగ్ ఆగింది. మ్యాక్ పట్టికలో సర్వరు మ్యాక్ వెతికితే మూడో పోర్టు స్థానంలో ఇరవై నాలుగో పోర్టు కనిపించింది. కొత్త భవనానికి వెళ్ళే ఫైబరు అది. అదే స్విచ్‌లో ఏ ఐపీకి ఏ మ్యాకో రాసుకునే ఏఆర్‌పీ పట్టిక చూస్తే సమాధానం మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది: ఒకే మ్యాక్ అడ్రసు ఎదురుగా రెండు ఐపీ అడ్రసులు. నేను వెతికింది ఒకే ఐపీకి రెండు మ్యాక్‌ల కోసం. ఒకే మ్యాక్‌కు రెండు ఐపీలు ఉంటాయేమోనని చూడలేదు, ఏఆర్‌పింగ్ దాన్ని ఎన్నటికీ పట్టుకోలేదు.

రెండో ఐపీ కొత్త భవనంలోని హోస్టు మీద నడుస్తున్న పరీక్షా సర్వరుది. సీజనుకు ముందు కొత్త క్లర్కులకు శిక్షణ ఇవ్వడానికి, అప్లికేషన్ చూసే కుర్రవాడు అసలు సర్వరు డిస్కు ఫైలును, దాని సెట్టింగుల ఫైలును రెండో హోస్టుకు కాపీ చేసి, పేరు మార్చి, ఐపీ మార్చి నడిపించాడు. సెట్టింగుల ఫైలులోని మ్యాక్ అలాగే ఉండిపోయింది. కేవీఎం మెషీన్ల మ్యాక్‌లు సాధారణంగా 52:54:00తో మొదలవుతాయి. ఇవి కార్డు తయారీదారుకు కేటాయించినవి కావు, స్థానికంగా ఇచ్చుకునే కోవకు చెందినవి. కనుక రెండు చోట్ల ఒకటే రాకుండా చూసుకోవలసింది మనమే. క్లోన్ చేయడానికి ఉన్న ఆదేశం వాడితే కొత్త మ్యాక్ తానే పుట్టిస్తుంది. ఒకే హోస్టు మీద ఇలా చేతితో కాపీ చేసి ఉంటే, రెండింటి గుర్తింపు సంఖ్యా ఒకటే కావడం చూసి ఆ హోస్టే అభ్యంతరం చెప్పేది. రెండు హోస్టులు వేరు కావడంతో ఎవరికీ అనుమానం రాలేదు. సర్వరు మీద మేమేమీ మార్చలేదని ఫ్యాక్టరీ వాళ్ళు నాతో అన్న మాట అక్షరాలా నిజమే. నేను అడగవలసింది నెట్‌వర్క్‌లో కొత్తగా ఏం వచ్చిందని.

ఇక 34 నిమిషాల 8 సెకన్ల సంగతి. సెకన్లలో అది 2048. ఆ ఉబుంటులో గడియారాన్ని సరిచేసే టైమ్‌సింక్‌డీ అనే చిన్న సేవ 32 సెకన్లకొకసారి సమయం అడగడంతో మొదలుపెట్టి, గడియారం నిలకడగా ఉంటే వ్యవధిని రెట్టింపు చేసుకుంటూ 2048 సెకన్ల దగ్గర ఆగుతుంది. శిక్షణ కంప్యూటర్లు పరీక్షా సర్వరు ఉన్న కొత్త భవనంలోనే, అక్కడి స్విచ్ మీదే, వీలాన్ 10లోనే ఉన్నాయి. కాబట్టి వాటితో పరీక్షా సర్వరు ఎంత మాట్లాడినా ఆ ఫ్రేములు ఆఫీసు స్విచ్ దాకా రావు. సమయం అడగడానికి మాత్రం ఇంటర్నెట్‌కు, అంటే గేట్‌వే ఉన్న ఆఫీసు స్విచ్‌కు రావాలి. వచ్చిన ప్రతిసారీ అసలు సర్వరు చిరునామాను తనవైపు తిప్పుకుంటోంది. 300కు పైన ఉన్న ఐదు సెకన్లూ వృథా లెక్క కాదు. పాతబడిన ఏఆర్‌పీ సమాచారంతో ప్యాకెట్టు పంపిన లినక్స్ యంత్రం, ఐదు సెకన్లు ఆగి గేట్‌వే ఇంకా ఉందా అని ఒక విచారణ ఫ్రేము పంపుతుంది. స్విచ్ గడువు ఆ చివరి ఫ్రేము నుంచి మొదలవుతుంది.

రద్దీ వేళ ఎందుకు రాలేదన్నదీ దీంతో తేలిపోయింది. రెండు కాటాలూ నడుస్తుంటే అసలు సర్వరు ప్రతి క్షణమూ ఏదో ఒకటి పంపుతూనే ఉంటుంది కాబట్టి, స్విచ్ తప్పు రాసుకున్నా అరక్షణంలో దిద్దుకుంటుంది. ఖాళీ వేళ సర్వరు మౌనంగా ఉంటుంది. తనకు వచ్చే ప్యాకెట్లు వేరేచోటికి పోతున్నాయని దానికి తెలియదు, అడిగినవారు లేరు కనుక జవాబు పంపదు. నా ల్యాప్‌టాప్ మహిమ కూడా ఇంతే. వీలాన్ 10లో ఉన్న యంత్రం జవాబు రాకపోతే అర నిమిషం, ముప్పావు నిమిషంలో ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ (ఈ ఐపీ ఎవరిదని అందరినీ అడిగే ఫ్రేము) పంపుతుంది, అది అసలు సర్వరును చేరుతుంది, దాని జవాబుతో పట్టిక సరవుతుంది. వేబ్రిడ్జి కంప్యూటరు వీలాన్ 20లో ఉంది కనుక దాని తరఫున సర్వరును వెతకవలసింది లేయర్ 3 స్విచ్. ఆ స్విచ్‌లో ఏఆర్‌పీ గడువు 4 గంటలు. ఆ లోపు అది మళ్ళీ అడగదు. మ్యాక్ సరైనదే, పోర్టే తప్పు.

ఒక సంఖ్య మాత్రం రోజంతా నన్ను సతాయించింది. మధ్యాహ్నపు అంతరాయాలు కొన్ని 12, 13 నిమిషాల దాకా సాగాయని క్లర్కుల చేతిరాత పుస్తకంలో ఉంది. ఐదు నిమిషాల సిద్ధాంతానికి అది పొసగదు. పరీక్షా సర్వరు లాగ్ చూశాక అర్థమైంది. రద్దీ వేళ అది సమయం అడిగితే, జవాబు తిరిగి వచ్చేలోపు అసలు సర్వరు మాట్లాడి చిరునామాను వెనక్కి లాక్కుంటోంది. జవాబు దానికి చేరదు. గడువు దాటిందన్న వాక్యాలు లాగ్‌లో పగటిపూట వరుసగా ఉన్నాయి. విసిగిన టైమ్‌సింక్‌డీ మళ్ళీ 32 సెకన్ల నుంచి మొదలుపెడుతుంది. భోజన వేళ కాటా ఖాళీ కాగానే 32, 64, 128, 256 సెకన్ల ఎడంతో వచ్చే ఫ్రేములు ఒక్కొక్కటీ స్విచ్‌లోని తప్పు వరుస గడువును పొడిగిస్తూ పోతాయి. వాటన్నింటినీ కలిపి 305 చేరిస్తే 785 సెకన్లు, అంటే 13 నిమిషాల పైచిలుకు. జనరేటరుకు దీంతో ఏ సంబంధమూ లేదు, భోజనానికే ఉంది.

సరిచేసే ముందు ఒక సాక్ష్యం కూడా తీసుకున్నాను. అంతరాయం నడుస్తుండగా పరీక్షా సర్వరులో, వచ్చే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెడితే, వేబ్రిడ్జి నుంచి అసలు సర్వరు ఐపీకి బయలుదేరిన ప్యాకెట్లు అక్కడ దిగుతూ కనిపించాయి. మ్యాక్ తనదే కనుక తీసుకుంటోంది, ఐపీ తనది కాదు కనుక చప్పుడు లేకుండా పారేస్తోంది. తిరస్కరించినట్టు ఒక్క మాటైనా వెనక్కి పంపి ఉంటే మేము ఇంకొంచెం ముందే మేలుకునేవాళ్ళం.

మందు చిన్నదే. పరీక్షా సర్వరును ఆపి, సెట్టింగుల ఫైలులో కొత్త మ్యాక్ రాసి, మళ్ళీ నడిపించాము. కాపీతో పాటు వచ్చిన ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు సర్వరును గుర్తుపట్టించేవి), మెషీన్ ఐడీ (ఆ ఉబుంటు గుర్తింపు సంఖ్య) కూడా రెండింటికీ ఒకటే ఉన్నాయి, వాటినీ మార్చాము. మెషీన్ ఐడీ మార్చకుండా ఉబుంటు క్లోన్‌లను ఐపీలు తానే పంచే డీహెచ్‌సీపీ మీద పెడితే, మ్యాక్ వేరైనా రెండింటికీ ఒకే ఐపీ వచ్చే చిక్కు వేరే ఉంది. ఇకపై కాపీలు చేయవలసి వస్తే ఇలాంటి గుర్తింపులను చెరిపేసే వర్ట్-సిస్‌ప్రెప్ వాడమని ఆ కుర్రవాడికి చూపించాను. స్విచ్‌లో మ్యాక్ పోర్టు మారినప్పుడు లాగ్ రాసే సౌకర్యం ఉంది, కానీ ఎవరూ దాన్ని ఆన్ చేయలేదు. దాన్ని ఆన్ చేసి, లాగ్ ఆఫీసు సర్వరుకు చేరేలా పెట్టాను. హోస్టు పోర్టుల మీద ఒక్క మ్యాక్‌నే అనుమతించే కట్టడి పెడదామా అని మేనేజరు అడిగారు. ఒకే తీగ వెనక ఐదారు వర్చువల్ మెషీన్లు ఉండే చోట అది కొత్త తలనొప్పి తెస్తుందని వద్దన్నాను.

ఆ రాత్రి గేటు దగ్గరి పింగ్‌ను మళ్ళీ తెల్లవార్లూ నడిపించాను. తొమ్మిది నుంచి ఆరు దాకా ఒక్క ప్యాకెట్టు కూడా తప్పిపోలేదు. బ్యాటరీల బిల్లు గురించి మేనేజరు నన్ను ఏమీ అనలేదు. పాతవి ఎలాగూ మార్చవలసినవే సార్ అన్నారు, అది మర్యాద కోసం అన్న మాట అని నాకు తెలుసు. మూడు రోజుల తర్వాత కొత్త భవనం నుంచి ఒక కబురు వచ్చింది. శిక్షణ సర్వరు నుంచి ఆఫీసు ప్రింటరుకు రసీదు పంపితే ఇన్నాళ్ళూ నాలుగింట మూడు పోయేవట, ఇప్పుడు అన్నీ వస్తున్నాయట. పరీక్షా సర్వరు కదా, అంతేలే అనుకుని వాళ్ళెవరూ ఫిర్యాదు చేయలేదు.